పాడైన రోడ్డును ప్రైమరీగా ఉంచవచ్చా? ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో రోడ్డు తరగతి గురించి ఒక సందేహం

ప్రశ్న: దారిసూచి

అందరికీ నమస్కారం. కొంతకాలంగా ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో (సభ్యులే గీసి సరిదిద్దే ఉచిత ప్రపంచ పటంలో) ఒక ప్రాంతపు రోడ్లను సరిచూస్తున్నాను. భవనాలు, చెరువులు, వీధుల పేర్లు చేర్చడంలో పెద్దగా ఇబ్బంది రాలేదు గానీ, ఏ రోడ్డుకు ఏ తరగతి ఇవ్వాలన్న దగ్గర మాత్రం ఎటూ తేల్చుకోలేకపోతున్నాను.

రెండు పట్టణాల మధ్య దాదాపు 26 కిలోమీటర్ల పాత రోడ్డు ఒకటి ఉంది. బస్సులూ సరుకు లారీలూ అన్నీ దాని మీదుగానే వెళ్తాయి, ఎందుకంటే ఆ రెండు పట్టణాలను నేరుగా కలిపే దారి మరొకటి లేదు. అయితే దాని వెడల్పు తక్కువ, పైగా చాలా దూరం తారు లేచిపోయి కంకర బయటపడింది. మొదట్లో ఇది ప్రైమరీగా, అంటే పై తరగతుల్లో ఒకటిగా, ఉండేది. ఇంత అధ్వానమైన రోడ్డు ప్రైమరీ ఎలా అవుతుందంటూ ఒక సభ్యుడు దాన్ని చాలా కింది తరగతి అయిన అన్‌క్లాసిఫైడ్‌కు దించారు. మరొకరు వచ్చి మళ్లీ ప్రైమరీ చేశారు. చరిత్ర తెరిచి చూస్తే ఇదే మార్పు అటూ ఇటూ పలుమార్లు జరిగినట్టు కనిపిస్తోంది.

దీనికి సరిగ్గా ఎదురు ఉదాహరణ కూడా అక్కడే ఉంది. ఊరి అంచున కొత్తగా వెలిసిన ఒక కాలనీకి మధ్యలో విభాగినితో (డివైడర్‌తో), నాలుగు వరుసలతో చక్కటి రోడ్డు వేశారు. అది కాలనీ చివరి ఇళ్ల దగ్గర ఆగిపోతుంది. పటంలో మాత్రం దాన్ని ప్రైమరీకి ఒక్క మెట్టు కింద ఉండే సెకండరీగా గుర్తించారు.

అసలు తరగతిని నిర్ణయించేది రోడ్డు నాణ్యతా, వెడల్పా, ప్రభుత్వం ఇచ్చిన నంబరా, లేక వాహనాల రద్దీయా? అలాగే చిన్న రోడ్ల విషయంలో అన్‌క్లాసిఫైడ్, రెసిడెన్షియల్, సర్వీస్, ట్రాక్ అనేవాటి మధ్య గీత ఎక్కడ గీయాలో అనుభవజ్ఞులు వివరించగలరు.

సమాధానం: పటరేఖ

ఆ 26 కిలోమీటర్ల రోడ్డు గురించి మీరు రెండు సంగతులు చెప్పారు. పట్టణాలను నేరుగా కలిపేది అదొక్కటేనన్నది మొదటిది, తారు లేచిపోయిందన్నది రెండోది. హైవే ట్యాగు (పటంలోని గీతకు తగిలించి, రోడ్డు తరగతిని చెప్పే గుర్తు) విలువను మొదటి సంగతి నిర్ణయిస్తుంది, రెండోదానికి అక్కడ చోటు లేదు. ఆ రోడ్డు ఎంత దూరపు రాకపోకలను మోస్తోంది, ఎంత పెద్ద ఊళ్లను కలుపుతోంది, అది మూతపడితే ఎవరు ఎంత చుట్టు తిరగవలసి వస్తుంది అన్నవే తరగతి విషయంలో అడగవలసిన ప్రశ్నలు. రోడ్డు ఏ స్థితిలో ఉందో చెప్పడానికి వేరే ట్యాగులు ఉన్నాయి. పైన ఉన్నది తారా, కంకరా, మట్టా అన్నది సర్ఫేస్ చెబుతుంది. బండి ఎంత సాఫీగా పోతుందన్నది స్మూత్‌నెస్ చెబుతుంది. వరుసల సంఖ్యకు లేన్స్, వెడల్పుకు విడ్త్, వేగ పరిమితికి మ్యాక్స్‌స్పీడ్ ఉన్నాయి. ఇన్ని ట్యాగులు చెప్పవలసిన సమాచారాన్ని ఒక్క తరగతిలోనే ఇమిడ్చాలని చూడటం వల్లనే ఇలాంటి అటూ ఇటూ మార్పులు పుడుతున్నాయి.

ఈ తరగతుల పుట్టుక తెలిస్తే విషయం మరింత స్పష్టమవుతుంది. 2004లో స్టీవ్ కోస్ట్ ఈ ప్రాజెక్టును బ్రిటన్‌లో మొదలుపెట్టారు కాబట్టి, అక్కడి రోడ్ల వర్గీకరణే ట్యాగులకు మూసగా నిలిచింది. ఎం అక్షరంతో మొదలయ్యే రోడ్లు మోటర్‌వే అయ్యాయి. ఏ అక్షరపు రోడ్లలో ఆకుపచ్చ బోర్డులు ఉన్నవి ట్రంక్, తెల్ల బోర్డులు ఉన్నవి ప్రైమరీ అయ్యాయి. బీ రోడ్లు సెకండరీ అయ్యాయి. 2015లో రంగులు మార్చేదాకా ప్రామాణిక పటంలో మోటర్‌వే నీలంగా, ట్రంక్ ఆకుపచ్చగా కనిపించడానికి కూడా అక్కడి బోర్డుల రంగులే కారణం. అదే బ్రిటన్‌లో, స్కాట్లాండ్ ఉత్తర ప్రాంతాల్లో, కొన్ని ఏ రోడ్లు ఒక్క వాహనం మాత్రమే పట్టేంత ఇరుకుగా ఉంటాయి. ఎదురుగా బండి వస్తే తప్పుకోవడానికి అక్కడక్కడ కాస్త చోటు విడిచిపెడతారు, అంతే. ఆ మారుమూల ఊళ్లను మిగతా దేశంతో కలిపేవి అవే కాబట్టి, ఇరుకన్న ఒక్క కారణంతో వాటిని కింది తరగతికి దించరు.

పాడైన రోడ్డు తరగతి దించితే ప్రయాణికులకు మేలు జరుగుతుందని నమ్మేవారు ఈ లెక్క ఒకసారి చూడాలని నా మనవి. దారి చూపే సాఫ్ట్‌వేర్లలో ఓఎస్‌ఆర్‌ఎమ్ ఒకటి. వేగ పరిమితి ట్యాగు లేనప్పుడు, దాని కారు ప్రొఫైల్ (కార్ల కోసం రాసిన నియమాల జాబితా) తరగతిని బట్టి గంటకు ఇన్ని కిలోమీటర్లని అనుకుంటుంది: మోటర్‌వేకు 90, ట్రంక్‌కు 85, ప్రైమరీకి 65, సెకండరీకి 55, టెర్షియరీకి 40, అన్‌క్లాసిఫైడ్‌కూ రెసిడెన్షియల్‌కూ 25. ఇతర సర్దుబాట్లను పక్కన పెడితే, మీ 26 కిలోమీటర్ల రోడ్డుకు ప్రైమరీగా 24 నిమిషాలు పడుతుంది, అన్‌క్లాసిఫైడ్‌గా 62 నిమిషాలు పడుతుంది. ఇప్పుడు తరగతిని ప్రైమరీగానే ఉంచి, సర్ఫేస్‌కు అన్‌పేవ్డ్ అన్న విలువ ఇవ్వండి. అదే ప్రొఫైల్ అప్పుడు వేగాన్ని 40కి తగ్గిస్తుంది, ప్రయాణం 39 నిమిషాలవుతుంది. అంటే రోడ్డు బాగోలేదన్న సంగతి సాఫ్ట్‌వేరుకు చేరింది, ఆ రోడ్డు ప్రాధాన్యమూ చెక్కుచెదరలేదు. అన్‌క్లాసిఫైడ్‌కు దించినప్పుడు మాత్రం సాఫ్ట్‌వేరు ఆ రోడ్డును వదిలేసి, ఎవరూ వెళ్లని ఒక పెద్ద చుట్టుదారిని చూపించే ప్రమాదం ఉంది. పటాన్ని దూరం నుంచి చూసేవారికి పెద్ద తరగతుల రోడ్లే కనిపిస్తాయి కనుక, ఆ రెండు పట్టణాల మధ్య దారే లేదని వారు అనుకునే అవకాశమూ ఉంది. రేపు కొత్త తారు వేసినప్పుడు సర్ఫేస్ ఒక్కటి మారిస్తే సరిపోతుంది; రోడ్డు చేసే పని మారలేదు గనుక తరగతిని తాకనక్కర లేదు.

కాలనీ రోడ్డుకు కూడా ఇదే కొలత వర్తిస్తుంది. ఆ కాలనీలో పని లేనివారెవరూ దాని మీదుగా మరో ఊరికి వెళ్లరు. కాలనీలోని వీధులన్నీ దానిలో కలిసి ఊరి రోడ్డుకు చేరుతున్నట్లయితే టెర్షియరీ అనడానికి కారణం ఉంది, లేకపోతే రెసిడెన్షియల్ చాలు. విభాగిని ఉంది కాబట్టి రెండు ఏకదిశ గీతలుగా గీయండి, లేన్స్ విలువ రాయండి. దాని వెడల్పు, దర్జా అన్నీ అక్కడ నమోదవుతాయి. ముందు ముందు దాన్ని పొడిగించి పెద్ద రోడ్డుతో కలుపుతారన్న మాట వినిపించినా ఇప్పటినుంచే తరగతి పెంచకూడదు. పని నిజంగా నడుస్తున్న భాగానికి కన్‌స్ట్రక్షన్ అన్న విలువ ఉంది.

క్షేత్రంలో చూడదగిన ఆధారం మరొకటి చెబుతాను. కూడలి దగ్గర దారి చూపే బోర్డు మీద ఏ ఊరి పేరు రాశారో గమనించండి. పక్క పల్లె పేరు మాత్రమే ఉన్న రోడ్డుకూ, చాలా దూరంలోని పట్టణం పేరు ఉన్న రోడ్డుకూ తరగతిలో తేడా ఉండటం సహజం. ఆ బోర్డు ఫొటో తీసి పెట్టుకుంటే తర్వాతి చర్చల్లో ఎంతో పనికొస్తుంది.

సమాధానం: కాలిబాట

పటరేఖ గారు పెద్ద రోడ్ల సంగతి చెప్పారు కాబట్టి నేను చిన్నవాటికే పరిమితమవుతాను. నా దృష్టిలో ఎక్కువ పొరపాట్లు జరిగేది ఇక్కడే, వాటి వల్ల ఎక్కువ నష్టపోయేది కూడా చిన్న ఊళ్లే.

అన్‌క్లాసిఫైడ్ అంటే తరగతి ఇంకా తేలని రోడ్డని చాలామంది పొరబడతారు. నిజానికి అది టెర్షియరీ కింద ఉండే ఒక పూర్తి స్థాయి తరగతి. పల్లెకూ పల్లెకూ మధ్య నడిచే మామూలు ప్రజా రహదారులన్నీ దాని కిందికే వస్తాయి. తరగతి నిజంగా తెలియని రోడ్డుకు రోడ్ అనే వేరే విలువ ఉంది, అదీ ఎవరైనా వెళ్లి చూసేదాకా మాత్రమే వాడవలసింది. ఇరువైపులా ఇళ్లు ఉండి, ఆ ఇళ్లకు వచ్చిపోయేవారే ప్రధానంగా వాడే వీధి రెసిడెన్షియల్ అవుతుంది. ఈ రెండింటిలో ఏదీ ఎక్కువ కాదు, ఏదీ తక్కువ కాదు. పైన చెప్పిన లెక్కలో కూడా రెండింటికీ ఒకే వేగం ఉందని గమనించే ఉంటారు.

సర్వీస్ అన్నది ఒక స్థలంలోకి తీసుకెళ్లే దారి: పెట్రోలు బంకులోకి, కర్మాగారం ఆవరణలోకి, పార్కింగ్ వరుసల మధ్యకు. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. పెద్ద రహదారికి సమాంతరంగా నడిచే పక్కరోడ్డును జనం సర్వీస్ రోడ్డు అని పిలుస్తారు కదా అని కళ్లు మూసుకుని ఈ ట్యాగు వేసేస్తుంటారు. దాని మీద ఊళ్ల మధ్య రాకపోకలు సాగుతుంటే, వీధులు వచ్చి కలుస్తుంటే, అది అన్‌క్లాసిఫైడో అంతకంటే పెద్దదో అవుతుంది తప్ప పిలిచే పేరును బట్టి సర్వీస్ కాదు.

ఇక ట్రాక్. పొలాలకూ అడవిలోని కలప పనికీ వెళ్లే దారికి ఉద్దేశించిన విలువ ఇది. మట్టి రోడ్డు కనిపించగానే ట్రాక్ అని పెట్టడం పూర్తిగా తప్పు. ఉపగ్రహ చిత్రం మీద గీస్తున్నప్పుడు గోధుమరంగు గీత కనిపిస్తే, దాని చివరిదాకా వెళ్లి చూడండి. అక్కడ పది పైకప్పులు, ఒక బడి ఆవరణ లాంటిది కనిపిస్తే, ఆ ఊరికి అది తప్ప వేరే దారి లేకపోతే, అది అన్‌క్లాసిఫైడ్ రోడ్డు. సర్ఫేస్‌కు మట్టి అన్న విలువ చేర్చండి. గీత పొలాల మధ్య మాయమైతే ట్రాక్ అనుకోవచ్చు, అప్పుడు నేల గట్టిదనాన్ని ట్రాక్‌టైప్‌లో గ్రేడ్ 1 నుంచి గ్రేడ్ 5 వరకు చెప్పవచ్చు. ఈ తేడా చిన్నది కాదు. కార్లకు దారి చూపే అనేక ప్రొఫైళ్లు ట్రాక్‌ను లెక్కలోకే తీసుకోవు. ఊరికి ఉన్న ఒకే ఒక్క రోడ్డును ట్రాక్ చేస్తే, అంబులెన్సుకు దారి చూపవలసిన పరికరం ఆ ఊరిని చేరలేమని చెప్పే పరిస్థితి వస్తుంది. వరదలప్పుడు సహాయ బృందాలు ఇదే పటాన్ని తెరుస్తాయన్నది గుర్తుంచుకోవాలి.

సమాధానం: మైలురాయి

పైవారు చెప్పిన చాలా విషయాలతో ఏకీభవిస్తూనే ఒక అభ్యంతరం తెలియజేస్తున్నాను. రోడ్డు చేసే పనిని బట్టి తరగతి ఇవ్వాలన్నది సరైన సూత్రమే గానీ, ఆ పని ఏమిటన్నది ఎవరికి వారు ఊహించుకోవడం మొదలుపెడితే ప్రతి ఒక్కరికీ తమ వీధి ముఖ్యమైనదిగానే కనిపిస్తుంది. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో రాసే ప్రతిదీ ఇంకొకరు వెళ్లి సరిచూసుకునేలా ఉండాలి. ప్రభుత్వం రోడ్లను వర్గీకరించి, రాళ్ల మీదా బోర్డుల మీదా నంబర్లు వేసిన చోట, ఆ వర్గీకరణే మన మొదటి ఆధారం కావాలి. అందుకే ఏ అధికారిక వర్గం ఏ ట్యాగుకు సరిపోతుందో తెలిపే పట్టికను చాలా దేశాల సభ్యులు చర్చించుకుని ప్రాజెక్టు సూచనలు ఉండే వికీలో పెట్టుకున్నారు. కొత్తగా వచ్చేవారు మొదట చదవవలసింది తమ దేశపు పేజీనే.

అలాగే రోడ్డు నిర్మాణానికి తరగతితో సంబంధమే లేదనడం కూడా పూర్తిగా నిజం కాదు. మోటర్‌వే అనాలంటే ఎదురెదురు వాహనాలను వేరు చేసే విభాగిని, ర్యాంపుల ద్వారా మాత్రమే ప్రవేశం, నెమ్మదిగా వెళ్లే వాహనాలకు నిషేధం లాంటి లక్షణాలు ఉండాలి. ట్రంక్ విషయంలో దేశానికో పద్ధతి ఉంది. జర్మనీలో మోటర్‌వేను పోలినట్టు కట్టిన రోడ్లకే ట్రంక్ ఇస్తారు, బుండెస్‌స్ట్రాసె అనే జాతీయ స్థాయి రోడ్లు మామూలుగా ప్రైమరీలో ఉంటాయి. అమెరికాలో నిర్మాణాన్ని చెప్పడానికి ఎక్స్‌ప్రెస్‌వే అన్న ప్రత్యేక ట్యాగును వాడుతూ, ట్రంక్‌ను ప్రాధాన్యానికి కేటాయించే పద్ధతి బలపడింది. ఒక దేశంలో నేర్చుకున్న అలవాటును మరో దేశపు పటం మీద రుద్దేవారి వల్ల జరిగే నష్టం నేను చాలా చూశాను.

అయితే అధికారిక జాబితా కూడా కాలానికి వెనకబడవచ్చు. బైపాస్ కట్టాక దూరప్రయాణాలన్నీ దాని మీదకు మళ్లిపోయినా, పాత నంబరు కొన్నేళ్లపాటు ఊరి నడిబొడ్డులోని ఇరుకు రోడ్డుకే అంటిపెట్టుకుని ఉండవచ్చు. అలాంటప్పుడు రిఫ్ ట్యాగులో నంబరును ఉన్నదున్నట్టు ఉంచి, తరగతిని మాత్రం వాస్తవాన్ని బట్టి స్థానిక సభ్యులతో మాట్లాడి మార్చడం మంచిది. నంబరు ఒకటి, తరగతి ఒకటి అని అంగీకరిస్తే ఇందులో వైరుధ్యం ఏమీ ఉండదు. ఆధారాల కోసం ఇతర కంపెనీల పటాలను తెరిచి అక్కడి రంగులను చూసి నకలు చేయడం మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ కూడదు. లైసెన్సు దానికి ఒప్పుకోదు.

ప్రశ్న అడిగినవారి స్పందన: దారిసూచి

ముగ్గురికీ కృతజ్ఞతలు. పాత రోడ్డు మీద పట్టణానికి వెలుపల ఒక నంబరు రాయి ఉంది, దూరంలోని పట్టణం పేరుతో బోర్డు కూడా ఉంది. కాబట్టి దాన్ని ప్రైమరీగా ఉంచి, తారు ఉన్న భాగాన్నీ లేని భాగాన్నీ విడదీసి సర్ఫేస్ రాయాలని నిర్ణయించాను. కాలనీ రోడ్డును టెర్షియరీకి మారుస్తాను, ఎందుకంటే అక్కడి వీధులన్నీ దానిలోనే కలుస్తున్నాయి. మార్చాక సరిగ్గా మార్చానో లేదో ఎలా సరిచూసుకోవాలి? తరగతిని పదే పదే దించుతున్న సభ్యుడు మళ్లీ దించితే ఏం చేయాలి?

సమాధానం: పటరేఖ

మైలురాయి గారి సవరణను నేను అంగీకరిస్తున్నాను. అధికారిక వర్గంతో మొదలుపెట్టి, అది వాస్తవానికి దూరమైన చోట మాత్రమే పక్కకు జరగడం సరైన క్రమం.

సరిచూసుకోవడం గురించి. పటంలో ఒక రోడ్డు ఒకే గీతగా ఉండదు. వంతెన దగ్గర, వేగ పరిమితి మారిన చోట, బస్సు మార్గం మలుపు తిరిగిన చోట అది ముక్కలై ఉంటుంది. ఇప్పుడు మీరు సర్ఫేస్ కోసం మరిన్ని ముక్కలు చేయబోతున్నారు. తరగతి మార్చినప్పుడు అందరూ మరిచిపోయేది వంతెన ముక్కనూ, రౌండబౌట్ వలయాన్నీ. అటు ప్రైమరీ, ఇటు ప్రైమరీ ఉండి, మధ్యలో నలభై మీటర్ల వంతెన అన్‌క్లాసిఫైడ్‌గా మిగిలిపోయిన చోట్లు లెక్కలేనన్ని కనిపిస్తాయి. రౌండబౌట్‌కు దాని గుండా సాగిపోయే రోడ్లలో అన్నిటికంటే పెద్దదాని తరగతి ఇవ్వండి. ఆ తర్వాత పటంలోని సమాచారాన్ని వెతికి చూపే ఓవర్‌పాస్ టర్బో అనే వెబ్ సాధనంలో మోటర్‌వే, ట్రంక్, ప్రైమరీ ఈ మూడింటినే రప్పించి చూడండి. అవి ఒకదానితో ఒకటి అల్లుకుని కనిపించాలి. ప్రైమరీ ఒకటి ఏ కూడలీ లేని చోట గాలిలో ఆగిపోయినట్టు కనిపిస్తే, అక్కడ రేవు గానీ సరిహద్దు గానీ లేనట్లయితే, ఏదో ముక్క తప్పిందని అర్థం. అప్పుడు సెకండరీని కూడా కలిపి చూడండి, తర్వాత టెర్షియరీని. ప్రధాన పటంలో దూరపు జూమ్ స్థాయిల చిత్రాలు ఆలస్యంగా తయారవుతాయి కాబట్టి, అక్కడ వెంటనే మార్పు కనిపించలేదని మళ్లీ మార్చకండి.

ఆ సభ్యుడి విషయంలో ముందుగా ఆయన చేంజ్‌సెట్ (ఒకసారి భద్రపరిచిన మార్పుల కట్ట) కింద వ్యాఖ్య రాయండి. మీ మార్పు తప్పని రాయకుండా, రోడ్డు పాడైందన్న మీ పరిశీలన సరైనదే, దాన్ని సర్ఫేస్, స్మూత్‌నెస్ ట్యాగుల్లో చేర్చాను అని రాయండి. నంబరు రాయి, బోర్డు గురించి చెప్పి, వికీలోని మీ దేశపు పేజీ లింకు ఇవ్వండి. రోడ్డు బాగోలేదని ఇతరులను హెచ్చరించాలన్నదే ఆయన ఉద్దేశం అయి ఉంటుంది, అది నెరవేరిందని తెలిస్తే చాలామంది అక్కడితో ఆగిపోతారు. జవాబు కోసం తగినంత వ్యవధి ఇవ్వండి. జవాబు రాకపోతేనో, ఒప్పుకోకపోతేనో స్థానిక సభ్యుల చర్చలో పెట్టి నలుగురి అభిప్రాయం తీసుకోండి. అంతవరకు మీరు కూడా ఆ ట్యాగును మళ్లీ మార్చకండి. చర్చలో తేలిన తర్వాత కూడా ఆయన ఏకపక్షంగా మారుస్తూ ఉంటే, ఆ చర్చ లింకుతో డేటా వర్కింగ్ గ్రూప్‌కు రాయవచ్చు, ఇలాంటి వివాదాలను పరిశీలించేది ఆ బృందమే.

ఇక ముందు ఎవరైనా గీతను తెరిచినప్పుడు కారణం కళ్ల ముందే ఉండేలా నోట్ ట్యాగులో ఒక వాక్యం రాసి ఉంచండి: రెండు పట్టణాలను కలిపే ప్రధాన మార్గం ఇదే కనుక ప్రైమరీగా ఉంచాము, రోడ్డు స్థితికి సర్ఫేస్ చూడండి అని.